తక్కెడకి తెలియని పథ్యం

తక్కెడ మీద పడుకున్న మనిషి కదలకూడదు, మాట్లాడకూడదు. భద్రానికి ఈ రెండూ చేతకావు.

"ఇదేంటే వేణమ్మా, బతికుండగానే శవాసనం వేయించేశావు. దీనికేనా నీకు డాక్టరేట్ ఇచ్చింది?" అన్నాడు కళ్లు మూసుకునే.

"అన్నయ్యా, కాసేపు నోరు మూసుకో. నువ్వు మాట్లాడితే కండ కదులుతుంది. కండ కదిలితే లెక్క తప్పుతుంది."

"నోట్లో కండ కూడా లెక్కలోకొస్తదా?"

"నీకు అన్నిటికన్నా ఎక్కువున్నది అదే."

గాజు తలుపు అవతల నిలబడ్డ భద్రం భార్య రత్నం, మొగుడి పెదాలు కదలడం చూసి, లోపల ఏం ప్రమాదం జరుగుతోందోనని నూకాలమ్మ తల్లికి మరో కొబ్బరికాయ మొక్కేసుకుంది.

సత్యవేణి కాకినాడ ఊరి చివరున్న క్యాన్సరు ఆసుపత్రిలో శాస్త్రవేత్త. తక్కెడ ఆమె తయారుచేసిన యంత్రం. భద్రం ఆమె అన్న. జగన్నాథపురంలో పడవ ఇంజన్లు బాగుచేసే షెడ్డు నడుపుతాడు. పెద్దపేగులో క్యాన్సరని తేలి, ఆపరేషనై, కీమో మందు ఎక్కించుకుంటున్నాడు.

బరువు తూచే యంత్రాలు లోకంలో కోకొల్లలు. అవి మనిషిని బియ్యం బస్తాని తూచినట్టే తూస్తాయి. తక్కెడ అలా కాదు. చూడటానికి గాజు పలక పరిచిన మంచంలా ఉంటుంది. దాని మీద పడుకుంటే ఒంట్లోకి చీమ కుట్టినంత కూడా తెలియని కరెంటు పంపి కండ ఎంత, కొవ్వు ఎంత, నీరు ఎంత అని విడదీసి చెబుతుంది. వేలి కొన నుంచి ఒక్క బొట్టు రక్తం తీసుకుని ఒంట్లో లోమంట ఎంత ఉందో పట్టుకుంటుంది. లోమంట అన్నది సత్యవేణి పెట్టిన పేరు. అది జ్వరంలా చేతికి తగలదు, పుండులా కంటికి కనబడదు. ఊకలో నిప్పులా లోపల్లోపలే రాజుకుంటూ ఉంటుంది. దానికి కావలసిన కట్టెలు ఒంట్లో కండే. గడ్డ ఎంతుందన్నది డాక్టర్లు ఎటూ చూస్తారు. ఆ మంట ఎంతుంది, దానికి ఆహుతైపోగా కండ ఎంత మిగిలింది అన్నది కూడా చూస్తే మనిషి ఎన్నాళ్లు నిలబడతాడో చెప్పవచ్చని ఆమె పట్టుబట్టింది. చెప్పించింది కూడా.

ఇవన్నీ కలిపి తక్కెడ చివరికి ఒకే ఒక అంకె చూపిస్తుంది. దాని పేరు నిలకడ. నూటికి అరవై దాటితే ధైర్యంగా ఉండవచ్చు. నలభై లోపుంటే మాత్రం పెద్ద డాక్టరు కరుణాకర్ గారు రోగిని లోపలే ఉంచి, ఇంటివాళ్లను వరండాలోకి పిలిచి గొంతు తగ్గించి మాట్లాడతారు.

భద్రానికి డెబ్భై నాలుగు వచ్చింది.

"చాలా బావుందమ్మా. జాగ్రత్తగా చూసుకోండి, అంతే," అన్నారు కరుణాకర్ గారు రత్నంతో.

"జాగ్రత్తకేం లోటు రానివ్వనండి బాబూ," అంది రత్నం చేతులు జోడించి.

సత్యవేణి ప్రాణం కుదుటపడింది. జాగ్రత్త అన్న ఆ చిన్న మాటలో ఎంత ప్రమాదం ఉందో, అంత చదువుకున్న ఆ ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

రత్నం అన్న మాట మీద నిలబడే మనిషి. ఆ రోజు నుంచే పథ్యం మొదలుపెట్టింది. వంకాయ దురద. గుమ్మడికాయ వాతం. గుడ్డు వేడి. పెరుగు జలుబు. పప్పు వాయువు. చేప తింటే కుట్లు చీము పడతాయి. కోడి సంగతి ఎత్తితేనే లెంపలు వేసుకునేది. ఇవన్నీ పోగా బీరకాయ, పొట్లకాయ, మిరియాల చారు, జావ మిగిలాయి. నాలుక్కి రుచి తగలనివ్వకపోవడమే జబ్బుకి పెద్ద మందని ఆమె పుట్టింటివాళ్లూ అత్తింటివాళ్లూ ఏకాభిప్రాయంగా నమ్ముతారు. లంఖణం పరమౌషధం అని ఊరికే అన్నారా?

"పక్కింటి అప్పాయమ్మ గారి గేదెకీ నాకూ ఒకటే మేత. దానికైతే తెలగపిండి అదనం," అనేవాడు భద్రం, షెడ్డులో పలకరించిన వాళ్లందరితోనూ. అంటూనే తినేవాడు. పెళ్లాం నోరు కట్టుకోమంది బతకడానికేనని తెలుసు కాబట్టి తృప్తిగానే తినేవాడు. మధ్యలో వాళ్ల అమ్మాయి దుర్గ పురిటికి వచ్చింది. రత్నానికి వంటింట్లో పని రెట్టింపైంది.

*

ప్రయోగశాలలో సత్యవేణికి వేరే తలనొప్పి పట్టుకుంది. తక్కెడ తప్పుతోంది.

మొదట్లో అలా లేదు. తయారైన కొత్తలో ఎవరికీ అంకె చెప్పకుండా తూచి పక్కన పెట్టేవాళ్లు. తర్వాత చూసుకుంటే అది చెప్పినట్టే జరిగేది. అది చూసి ఆసుపత్రి వాళ్లు ముచ్చటపడి, ఇంటివాళ్లకు కూడా అంకె చెప్పడం మొదలుపెట్టారు. అప్పటినుంచే గాడి తప్పింది. అరవై దాటినవాళ్లు కొందరు ఉన్నట్టుండి చిక్కిపోతున్నారు. నలభై లోపువాళ్లు కొందరు గుమ్మంలోకి నడుచుకుంటూ వస్తున్నారు.

ఆ వచ్చినవాళ్లలో గంగరాజు అనే లారీ డ్రైవరొకడు. వాడి నిలకడ ముప్పై ఒకటి. ఆ లెక్కన ఈపాటికి గోడ మీద ఫొటో అయిపోవాలి. వాడేమో కొత్త చొక్కా తొడుక్కుని వచ్చి, "మేడమ్ గారూ, లారీ ఎక్కొచ్చాండీ?" అని అడిగాడు. తూస్తే కండ పెరిగింది. లోమంట సగానికి దిగింది.

"యంత్రానికి దెయ్యం పట్టినట్టుంది మేడమ్," అన్నాడు షరీఫ్. తక్కెడకి లెక్కలు నేర్పిన ఇంజనీరు అతను. దేవుణ్ణీ దెయ్యాన్నీ సమానంగా నమ్మనివాడు ఆ మాట అన్నాడంటే ఎంత విసిగిపోయాడో చూడండి. ఇద్దరూ కలిసి ఉప్పునీళ్ల సంచులు పేర్చి తక్కెడను మళ్లీ మళ్లీ పరీక్షించారు. తీగలు మార్చారు. పలక మార్చారు. తక్కెడలో ఆవగింజంత లోపం కూడా కనబడలేదు.

ఆ పనిలో ఉండగానే సోమయాజులు గారు వచ్చారు. పోస్టుమాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన భార్య ఇందుమతికి నిలకడ డెబ్భై ఎనిమిది. ఆ అంకె చూసి సత్యవేణే స్వయంగా ఆవిడ చెయ్యి పట్టుకుని, "మీకేం ఫర్వాలేదమ్మా," అంది. ఆవిడ పోయిందన్న కబురు రెండు వారాల కిందటే ఆసుపత్రికి తెలిసింది.

ఆయన చేతిసంచీలోంచి మందుల పెట్టెలు తీసి బల్ల మీద పెట్టారు. "విప్పనివమ్మా. లేనివాళ్లకెవరికైనా ఇయ్యండి."

"కూర్చోండి మాస్టారూ."

ఆయన కూర్చోలేదు. "మా వైపు నుంచి లోపం జరగలేదని మీతో చెప్పి పోదామని వచ్చాను. మీరు జాగ్రత్తగా చూసుకోమన్నారు. చూసుకున్నాను. ఒక్క పూట కూడా పథ్యం తప్పలేదు. జావ, చారు, అంతే. ఓ రోజు ముద్దపప్పు, ఆవకాయ కావాలంది. చిన్నపిల్లలా అడిగింది. నేను పెట్టలేదమ్మా. అన్నీ తగ్గాక మొదటి ముద్ద నేనే కలిపి పెడతానన్నాను." ఆయన ఖాళీ సంచీని మడిచారు. "తక్కెడలో పొరపాటేదైనా ఉందేమో చూడండి. ఇంకొకళ్ల విషయంలో జరక్కుండా ఉంటుంది."

ఆయన నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. సత్యవేణి ఆ మందుల పెట్టెల్ని చూస్తూ ఉండిపోయింది. తర్వాత లేచి గంగరాజు భార్యకి ఫోన్ చేసింది.

"మీ ఆయనకి ఏం పెట్టావమ్మా ఇన్నాళ్లూ?"

"తిట్టకండి మేడమ్. డాక్టరు బాబే వరండాలోకి పిలిచి, ఇంక ఆంక్షలేం లేవమ్మా, నోటికి హితవైంది పెట్టు అన్నారు. దానర్థం నాకు తెలుసు కదండీ. ఆయనకి చెప్పలేదు. పథ్యం తీసేశారు, నీకు నయమైపోతుందని బొంకాను. రోజూ చేపలు, గుడ్లు, కోడికూర. పోయేవాడికి లోటెందుకని అప్పుజేసైనా పెట్టానండి. నయమైందంటే నమ్మేసి, ఈయన లేచి తిరగడం మొదలెట్టాడు."

షరీఫ్, సత్యవేణి కలిసి మిగిలిన ఇళ్లకి కూడా ఫోన్లు చేశారు. ఏ ఇంట్లో అడిగినా అదే కథ. ఆశ ఉన్నవాళ్లకి జావ. ఆశ లేనివాళ్లకి విందు. ఎంత ఎక్కువ అంకె వస్తే అంత గట్టి పథ్యం. తక్కెడ తప్పేమీ చెప్పలేదు. అది చెప్పింది విని మనుషులు మారిపోయారు. నిలబడతారన్నవాళ్ల కండని ప్రేమగా, భక్తిగా, ఒక్క పూట కూడా తప్పకుండా కరిగించేశారు.

కరుణాకర్ గారికి చెబితే ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఆ మాట నేను పోయేవాళ్లకి మాత్రమే చెబుతూ వచ్చాను," అన్నారు.

సత్యవేణికి మాత్రం అక్కడ కూర్చునే ఓపిక లేదు. డెబ్భై నాలుగు అన్న అంకె ఆమె చెవిలో గంటలా మోగుతోంది. స్కూటర్ తీసి జగన్నాథపురం బయల్దేరింది.

*

భద్రం అరుగు మీద కూర్చుని మనవడికి ఉయ్యాల ఊపుతున్నాడు. చేతి గడియారం మోచేతి దాకా జారిపోయి ఉంది. సత్యవేణి ఇన్నాళ్లూ వారం వారం చూస్తూనే ఉంది, బరువు పెద్దగా తగ్గలేదు కదా అని ఊరుకుంది. ఇప్పుడు వంగి అతని కాలి చీలమండ దగ్గర వేలితో నొక్కింది. సొట్ట పడి అలాగే ఉండిపోయింది. కండ పోయిన చోట నీరు చేరి బరువుని నిలబెడుతోంది. ఏ కిరాణా కొట్టు తూకానికైనా అది తెలియకపోవచ్చుగానీ, తక్కెడ కనిపెట్టిన మనిషికి తెలియకపోవడమేమిటని ఆమె తన్ను తానే తిట్టుకుంది.

విసురుగా వంటింట్లోకి వెళ్లింది. "వదినా, రేపటినుంచి పథ్యం ఏమీ లేదు. అన్నయ్యకి ఏది కావాలంటే అది పెట్టు. చేపలు, గుడ్లు, మాంసం, పెరుగు, అన్నీ."

రత్నం చేతిలో గరిటె ఆగింది. పొయ్యి కట్టేసి పెరట్లోకి వెళ్లిపోయింది.

అరుగు మీంచి భద్రం అంతా విన్నాడు. "కరుణాకర్ గారు చెప్పమన్నారా?" అని అడిగాడు.

"ఆయనా నేనూ కలిసే అనుకున్నాం."

"అలాగా," అని మళ్లీ ఉయ్యాల ఊపసాగాడు.

అప్పుడు గుర్తొచ్చింది సత్యవేణికి. వాళ్ల నాన్న మంచాన ఉన్నప్పుడు డాక్టరు ఈ మాటే అన్నాడు. ఆ సాయంత్రం అమ్మ రొయ్యల ఇగురు వండింది. కంచం చూడగానే నాన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మన ఇళ్లలో పథ్యం అంటే ఆశ. ఏం కావాలంటే అది పెట్టండి అన్నారంటే దానికి ఒకటే అర్థం. అది ఆమెకు తెలియనిది కాదు. తెలిసి కూడా, లెక్కల్లో పడి మరిచిపోయింది.

"అన్నయ్యా, నువ్వనుకునేది కాదు. నీ కండ కరిగిపోతోంది, తిండి తగ్గి. తింటే నిలబడతావు. ఒట్టు. నేనెప్పుడైనా నీతో అబద్ధం చెప్పానా?"

"నువ్వెప్పుడు చెప్పావే తల్లీ! చెప్పలేకే కదా ఇంత తిప్పి తిప్పి చెప్తన్నావు."

మర్నాడు రత్నం పండుగప్ప చేప పులుసు వండింది. భార్య బొంకు నమ్మి గంగరాజు తిన్నాడు. కానీ రత్నానికి బొంకడం రాదు. వడ్డిస్తుంటే ముఖమే అంతా చెప్పేస్తోంది. యానాం నుంచి చుట్టాలు చూడటానికి వచ్చేశారు. ఒకావిడ ఇంటి ముందే ఏడుపు మొదలెట్టబోతే చంటిబిడ్డ నిద్రపోతున్నాడని చెప్పి దుర్గ ఆపింది. భద్రం రెండు మెతుకులు కతికి కంచం జరిపేశాడు. ఆ సాయంత్రం షెడ్డు తాళాలు అల్లుడి చేతిలో పెట్టాడు. రోజూ వంతెన దాకా నడిచేవాడు, అదీ మానేశాడు. హాస్యాలు కూడా ఆగిపోయాయి. సత్యవేణికి అన్నిటికన్నా అదే భయం వేసింది.

కీమోకి వచ్చినప్పుడు మళ్లీ తక్కెడ మీద పడుకోబెట్టింది. ఈసారి భద్రం కదల్లేదు, మాట్లాడలేదు. నిలకడ యాభై ఒకటి.

జావ పెట్టి చంపుతారు, మానమంటే దిగులుతో చస్తారు. ఇదెక్కడి ఇరకాటం అనుకుంది సత్యవేణి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అది అచ్చంగా ఇదే. మందు ఉంది, అన్న ఉన్నాడు, మధ్యలో ఒక మాట అడ్డంగా పడుకుని ఉంది. రెండు రోజులు ఆమెకు ప్రయోగశాలలో చెయ్యి ఆడలేదు.

*

మూడోనాడు పొద్దున్నే అన్నగారింటికి వెళ్లి వంటింట్లో పీట వాల్చుకుని కూర్చుంది. చెప్పడానికి కొత్త మాటేదీ దొరకలేదు. రత్నం రెండు కంచాల్లో వడ్డిస్తోంది. భద్రం కంచంలో మళ్లీ జావ. అది ఒక్కటే గొంతు దిగుతోందట. రెండో కంచం బాలింతది. వేడి అన్నం, వెల్లుల్లి కారం, మునిగేంత నెయ్యి, తెలగపిండి కూర, పాలసొర చేప కూర, పక్కన ఉడికించిన గుడ్డు.

దుర్గ కంచం చూసి మొహం చిట్లించింది. "నాకొద్దే అమ్మా ఇంత. రోజూ ఇదే. ఆ సొరచేప వాసనకే వాంతొస్తంది."

"నోర్మూసుకుని తిను. నీకిష్టమని పెడతన్నానా? పథ్యమే ఇది. బాలింత పథ్యం తప్పితే ఇంకేమన్నా ఉందా!" అని కసిరింది రత్నం.

సత్యవేణి పీట మీంచి లేచింది. ఒకే పొయ్యి, ఒకే చెయ్యి, రెండు పథ్యాలు. ఒకటి కంచం ఖాళీ చేస్తుంది, ఇంకొకటి నింపుతుంది. తప్పితే మాత్రం రెంటికీ ఒకే పాపం.

"వదినా," అంది. "మొన్న నేను చెప్పింది తప్పు. పథ్యం తీసెయ్యమన్నాను చూడు, అది తప్పు. అన్నయ్యకి పథ్యం ఉంది. మార్చాం, అంతే."

రత్నం తలెత్తింది.

"కొత్త పథ్యం పాతదానికన్నా కష్టం. నువ్వు చెయ్యగలవో లేదోనని చెప్పడానికి వెనకాడాను."

"ఎందుకు చెయ్యలేనూ?" రత్నం కొంగు బిగించింది. "దుర్గ బాలింతరాలై నెల దాటింది, ఒక్క పూట తప్పానా? మీ అమ్మగారికి కామెర్లొచ్చినప్పుడు ఎవరు చేశారు?"

"అయితే విను. జావ ఈ ఇంట్లోకి రాకూడదు. వస్తే పథ్యం తప్పినట్టే. పొద్దున్న రెండు గుడ్లు. మధ్యాహ్నం గట్టిగా వండిన పప్పు, దాంతోపాటు చేపో కోడో ఏదో ఒకటి. సాయంత్రం సెనగలో వేరుసెనగ పప్పులో. రాత్రి పెరుగు తప్పకూడదు. అవన్నీ అయ్యేదాకా చారు ముట్టుకోవడానికి వీల్లేదు. అన్నీ బాగా ఉడకాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పగటి నిద్ర నిషేధం."

"బాలింతకి లాగా?"

"అచ్చం బాలింతకి లాగే. పొద్దునా సాయంత్రం వంతెన దాకా నడక. వాన పడుతుంటే అరుగు మీదే అటూ ఇటూ. ఒక్క పూట తప్పినా నాకు ఫోన్ చెయ్యాలి. నీరసంగా ఉంది, తినలేనంటాడు. జాలిపడ్డావో, చెడతాం."

"నేను జాలిపడతానా!" అంది రత్నం. అప్పుడు ఏదో తట్టినట్టు ఆగిపోయింది. గరిటె కింద పెట్టింది. "అంటే సత్యా... పథ్యం ఉందన్నమాట."

"ఉంది వదినా."

"పథ్యం ఉందంటే మనిషి దక్కుతాడనేగా?"

"దక్కుతాడని రాసివ్వలేను. పోతాడని మాత్రం ఎవ్వరూ అనలేదు. దక్కించుకోవడానికే ఈ తిప్పలన్నీ."

రత్నం కింద కూలబడి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. మొన్న పెరట్లో ఏడ్చిన ఏడుపు కాదు ఇది. తర్వాత లేచి ముఖం కడుక్కుంది. భద్రానికి వడ్డించిన జావ తీసుకెళ్లి అప్పాయమ్మ గారి గేదె తొట్లో పోసి వచ్చింది.

భద్రం ముందు గుడ్లు పెట్టి, "తినండి. పథ్యం," అంది గట్టిగా. ఈసారి ఆ ముఖంలో మొన్నటి దిగులు లేదు. కళ్లు ఉబ్బినా కనుబొమలు ముడిపడి ఉన్నాయి. పెళ్లైన నాటినుంచీ ఆ ముఖాన్ని చదవడం భద్రానికి బాగా తెలుసు. ఆ ముఖం వంక చాలాసేపు చూసి చెల్లెలి వైపు తిరిగాడు.

"ఏవమ్మా, అంత చదువూ చదివి చివరికి నన్ను బాలింతని చేశావా?"

"చేశాను. నోర్మూసుకుని తిను."

అతను ఒక గుడ్డు తీసుకున్నాడు. సత్యవేణి అతని దవడలు కదలడమే చూస్తూ నిలబడింది.

*

ఆ తర్వాత అద్భుతాలేమీ జరగలేదు. కీమో రోజుల్లో వాంతులయ్యాయి. నోరు పూసినప్పుడు రత్నం పప్పు మెత్తగా మెదిపి, చేప ముల్లు తీసి పెట్టింది. ఒక్కోసారి రెండు ముద్దలకే ఆపేసేవాడు, గంటాగి ఇంకో రెండు ముద్దలు. వంతెన సగం దాకా వెళ్లి వెనక్కి వచ్చిన రోజులున్నాయి. షెడ్డులోవాళ్లు "ఏం భద్రం, పాలు పడ్డాయా?" అని ఏడిపిస్తే "నీళ్లు కాసి పొయ్యడానికి మనిషే దొరకటం లేదు," అని బదులిచ్చేవాడు. ఆ బదులు అల్లుడి నోట విన్న రోజున సత్యవేణి సగం బెంగ తీరింది.

మిగతా సగం తీరడానికి చాలాకాలం పట్టింది. తక్కెడ మీద లోమంట మెల్లమెల్లగా దిగింది. కాళ్ల నీరు తీసింది. కండ పిడికెడు పిడికెడుగా తిరిగొచ్చింది. నిలకడ ఎంతొచ్చిందో భద్రం అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఒకరోజు మధ్యాహ్నం రత్నం నుంచి ఫోన్. గొంతు మండిపోతోంది. "మీ అన్నయ్య చేసిన పని చూశావా? అప్పాయమ్మ గారింట్లో కూర్చుని చారన్నం తింటన్నారు! దొంగతనంగా! కోడికూర ఇక్కడ కంచంలో చల్లారిపోతంది!"

వెనకనుంచి భద్రం అరుపు వినబడింది. "ఒక్క పూటేనే! నోరు చచ్చిపోయిందే కూరలు తిని తిని! ఇంత చారన్నం తింటే ప్రాణం పోద్దా?"

"పథ్యం తప్పుతారా! ముసలితనం దగ్గరపడ్డాక ఇదేం పోయేకాలం!"

సత్యవేణి నవ్వింది. నవ్వి నవ్వి కళ్లవెంట నీళ్లొచ్చాయి. పథ్యం తప్పాలని బుద్ధి పుట్టింది అన్నయ్యకి. బతుకు మీద ఇంకా తీపి ఉన్నవాడికే కదా ఆ బుద్ధి పుట్టేది. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, ముద్దపప్పు అడిగిన ఇందుమతి గారు కూడా ఆ తీపితోనే అడిగి ఉంటారు. నవ్వు అక్కడితో ఆగిపోయింది.

ఆసుపత్రిలో పద్ధతి మారింది. అంకె ఇప్పుడు ఇంటివాళ్లెవరికీ చెప్పరు. షరీఫ్ తక్కెడ తెర మీద దాన్ని డాక్టర్లకు తప్ప కనబడకుండా చేశాడు. కరుణాకర్ గారు వరండా సంభాషణలు మానేశారు. డెబ్భై వచ్చినవాళ్లకీ ముప్పై వచ్చినవాళ్లకీ పథ్యమే చెబుతున్నారు, కఠినమైన పథ్యం, ఎవరి కడుపు తీరుకి తగ్గట్టు వాళ్లకి. రోజూ మధ్యాహ్నం కొత్తగా వచ్చిన రోగుల ఇంటివాళ్లను కూర్చోబెట్టి షరీఫ్ దాన్ని వివరిస్తాడు. మీరు చెయ్యలేరేమో అని మొదలుపెట్టమని సత్యవేణి అతనికి నేర్పింది. ఆ మాట అనగానే ఆడవాళ్లందరూ నిటారుగా కూర్చుంటారు.

అలాంటి ఒక మధ్యాహ్నం గది వెనక సోమయాజులు గారు కనబడ్డారు. ఎవరో బంధువుని చూడటానికి వచ్చి, మాటలు వినబడి ఆగినట్టున్నారు. షరీఫ్ ఒక ముసలాయనకి గట్టిగా చెబుతున్నాడు. "మధ్యాహ్నం ముద్దపప్పు తప్పనిసరి తాతగారూ. రోజూ. నెయ్యి వేసి. అది మానారో, పథ్యం తప్పినట్టే."

సత్యవేణి దగ్గరికి వెళ్లింది. ఆయన ఆమెను చూసి చిన్నగా నమస్కరించారు.

"ముద్దపప్పు పథ్యమేనా అమ్మా?"

"పథ్యమేనండీ."

"ఇది అప్పటికి లేదు కదూ?"

తక్కెడ అప్పటికే ఉంది. ఆవిడని రెండోసారి పడుకోబెట్టి చూసి ఉంటే కండ కరగడం కనబడేది. డెబ్భై ఎనిమిది అన్న అంకెను చూసి మురిసిపోయి ఎవరూ మళ్లీ తూచలేదు. ఇదంతా చెప్పాలా? చెబితే ఆ బరువులో సగం ఈయన నెత్తినే పడుతుంది. ఆవిడకి ముద్ద పెట్టనిది ఈయన చెయ్యే.

"లేదండీ," అంది.

ఆయన తల ఊపారు. ముసలాయన వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటూ పథ్యం అప్పజెబుతుంటే కాసేపు శ్రద్ధగా విన్నారు.

"ఉండి ఉంటే పథ్యం తప్పేది కాదమ్మా," అన్నారు. "ఒక్క పూట కూడా తప్పేది కాదు."